క్యాంపు వ్యానులో ఫెబా లేదు

పెదకాకాని,
18 మే 2025, ఆదివారం.

సువార్తమ్మ వదినకి,

ప్రియమైన అని రాద్దామంటే చెయ్యి రాలేదు. వందనాలు కూడా చెప్పను. ఇన్నాళ్ళూ, ఎంత తగాదాలో ఉన్నా, నిన్ను మీరు అనే అన్నాను. మా ఆయనకి అక్కవి, పంతులమ్మవి అని. కన్నబిడ్డను ఎత్తుకుపోయిన మనిషికి ఆ మర్యాద దేనికి? ఇవాళ్టి నుంచి నువ్వే.

నిన్న చీరాల యూత్ క్యాంపు ఆఖరి రోజు. మా చర్చి నుంచి పదకొండుమంది పిల్లలు వారం రోజులు ఆ సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో ఉండి, పాటలు పాడుకుని, వాక్యం విని, మధ్యాహ్నం భోజనాలయ్యాక వ్యానెక్కారు. నేను కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రినని నీకు తెలుసు. ఒంటిపూట సెలవు పెట్టుకుని, ఒంటి మీద ఘాటు పోయేదాకా రెండుసార్లు తలకి పోసుకుని, ఫెబాకి ఇష్టమని గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండి, నాలుగింటికల్లా చర్చి ముందు నిలబడ్డాను. వ్యానొచ్చింది. పదిమంది దిగారు. పదకొండో పిల్ల కోసం నేను వ్యానులోకి ఎక్కి సీట్ల కింద కూడా చూశాను. డ్రైవరు నన్ను చూసి నవ్వాడు.

ఫెబా స్నేహితురాలు మహిమ అప్పుడు చెప్పింది, "వాళ్ళ అత్తతో పొదిలి వెళ్ళిపోయింది కదా ఆంటీ, మీరే తీసుకెళ్ళమన్నారంట," అని. మిగతా తల్లులందరూ నా వైపు తిరిగారు. నా కూతురు ఎక్కడుందో అందరికీ తెలుసు, నాకు తప్ప. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

క్యాంపు పెద్దలకి ఫోను చేస్తే, మేనత్తగారు మీ ఉత్తరం చూపించారు, అమ్మాయి కూడా అవునంది, అందుకే పంపాం అన్నారు. ఏ ఉత్తరం? ఎవరు రాశారు? ఫెబా ఫోను స్విచాఫ్. నీకు చేద్దామంటే ఆరేళ్ళుగా నా నంబరు బ్లాకులో పెట్టావు. అందుకే ఈ పోస్టాఫీసు తిప్పలు. ఆడబిడ్డ అర్ధమొగుడు అని మా అమ్మ అంటుంటే నవ్వేదాన్ని. మొగుడు పోయినా ఆ సగం మిగిలే ఉంటుందని ఆవిడ చెప్పలేదు.

బుధవారంలోగా నా పిల్ల నా గుమ్మంలో ఉండాలి. లేకపోతే ఏం చేస్తానో నాకే తెలియదు.

ఇట్లు,
సంతోషకుమారి


పొదిలి,
21 మే 2025.

మరదలు సంతోషకుమారికి,

స్పీడు పోస్టు అందింది. నేను నిలబడే చదవడం చూసి, తెచ్చిన పోస్టుమాన్ బుడాన్ మంచినీళ్ళు తెమ్మంటారా టీచరుగారూ అని అడిగాడు. నా మొహం అలా ఉందట.

ఎత్తుకుపోవడమన్న మాట వాడేముందు కాస్త ఆలోచించవలసింది. ఈ నెల పదిహేనున నాకు నీ ఉత్తరం వచ్చింది. మరిచిపోయానంటావేమో, అందులోది ఇక్కడ తిరగరాస్తున్నాను.

"వదినా, ఆరేళ్ళ కిందట సమాధుల తోటలో అందరి ముందూ మిమ్మల్ని అబద్ధికురాలన్నాను. తప్పు నాది. మీ తమ్ముడు మీతో ఆ మాట అన్నాడని నాకిప్పుడు తెలుసు. నన్ను క్షమించండి. శనివారం చీరాల క్యాంపు ఆఖరి రోజు. మీరు వచ్చి ఫెబా పక్కన కూర్చుని బల్ల తీసుకోండి. తర్వాత పిల్లను కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచుకోండి."

ఆ శిబిరంలో ఒక పద్ధతి ఉంది. నేను అక్కడ పదేళ్ళు వేసవిలో పాఠాలు చెప్పాను కనుక తెలుసు. రెండో రోజున ప్రతి పిల్లా, తనకు ఎవరితో తగాదా ఉందో వాళ్ళకి రాజీ కోరుతూ ఉత్తరం రాయాలి. ఆఖరి రోజు పొద్దున ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షారసం, ఇస్తారు. ఉత్తరం అందుకున్నవాళ్ళు వస్తే, రాసిన పిల్ల పక్కన కూర్చుని తీసుకోవచ్చు. పిల్లల్ని చూసి పెద్దదానివి నీకూ బుద్ధి వచ్చిందనుకున్నాను. మోకాళ్ళ నొప్పులతో, ఒంగోలులో బస్సు మారి, చీరాల వెళ్ళాను. ఫెబా నన్ను చూడగానే ఏడ్చింది. పదేళ్ళ పిల్లప్పుడు చూసినదాన్ని పదహారేళ్ళ పిల్లగా చూశాను. ఆరేళ్ళు ఎవరివల్ల పోయాయో నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడేమో ఏ ఉత్తరం అని అడుగుతున్నావు. మాట మార్చడం నీకు కొత్త కాదు. నా తమ్ముడు దానయ్య కామెర్లు ముదిరి గుంటూరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు నాకు ఫోను చేసి, "అక్కా, నేను పోతే నన్ను మనూళ్ళో అమ్మ పక్కన పెట్టించు," అన్నాడు. ఆ మాట నేను వచ్చి చెబితే, శవపెట్టె ముందు నిలబడి నన్ను అబద్ధాలకోరువన్నావు. ఫోనులో అన్న మాటకి సాక్ష్యమేదని అడిగావు. అతన్ని మీ ఊళ్ళోనే పూడ్చావు. నేను మట్టి వేయకుండా వెనక్కి వచ్చేశాను. ఆ రోజు నుంచి నీతో ఏ మాటైనా కాగితం మీదేనని నిర్ణయించుకున్నాను. కాగితం మీద రాసినదాన్ని కూడా కాదంటావని ఊహించలేదు.

ఫెబా క్షేమంగా ఉంది. ఇంటికి వెళ్తావా అంటే తల అడ్డంగా ఊపుతోంది. నేను బలవంతంగా బస్సెక్కించను.

ఇట్లు,
పి. సువార్తమ్మ,
విశ్రాంత ఉపాధ్యాయిని


పెదకాకాని,
24 మే 2025.

వదినా,

నేను నీకు ఏ ఉత్తరమూ రాయలేదు. నా కూతురి మీద ప్రేమ ఎంత నిజమో ఇది అంత నిజం.

అసలు నువ్వు తిరగరాసిన ఆ నాలుగు ముక్కలు చదివితే నీకు అనుమానం రాలేదా? నేను క్షమాపణ చెప్పాల్సి వస్తే అంత ఒద్దికగా చెబుతానా? మొదట్లోనే తప్పు నాదంటానా? అన్నేళ్ళు నన్ను చూశావు, నా నోరు నీకు తెలియదా? అది నువ్వే రాసుకున్నావని నాకు అనిపిస్తోంది. నలభై ఏళ్ళు పిల్లల చేత రకరకాల కాపీలు రాయించినదానివి, నాలుగు వాక్యాలు రాసుకోలేవా? ఆరేళ్ళుగా నా నోట వినాలనుకున్నది నీ చేత్తోనే రాసుకుని, అది పట్టుకెళ్ళి క్యాంపులో చూపించి పిల్లని తెచ్చుకున్నావు.

నీ మనసులో ఏముందో నాకు తెలుసు. నీకు పిల్లల్లేరు. తమ్ముడు పోయాడు. ఇక తమ్ముడి కూతురు కావాలి. నేను మిరపకాయల దుమ్ములో బతికేదాన్ని, నువ్వు ఫ్యాను కింద పుస్తకాలు చదువుకునేదానివి. పదహారేళ్ళ పిల్లకి ఎటు ఉండాలనిపిస్తుందో చెప్పక్కరలేదు. కానీ వదినా, ఈ ఇంట్లో నాకు ఆ పిల్ల తప్ప ఎవరూ లేరు. పనినుంచి వచ్చేసరికి తలుపు తెరిచే మనిషి లేక ఈ వారం రోజులుగా బయట అరుగు మీదే కూర్చుంటున్నాను. లోపలికి వెళ్ళాలనిపించడం లేదు. ఇది నీకు రాయకూడదు, అయినా రాశాను.

నేనే వచ్చేదాన్ని. మీ ఊరి పొలిమేర తొక్కనని ఆ రోజు అందరి ముందూ అన్నాను. నోరు జారి అన్న మాటే అయినా అన్న మాట అన్నదే. అందుకని సోమవారం నా తమ్ముడు ఏసుబాబుని పంపుతున్నాను. జూన్‌లో కాలేజీ తెరుస్తారు, ఇంటరు రెండో ఏడు. పిల్లని, పిల్ల బట్టల సంచిని వాడికి అప్పగించు. వాడితో ఎక్కువ మాట్లాడకు, వాడు అందరి మాటా వింటాడు.

ఇట్లు,
సంతోషకుమారి


పొదిలి,
27 మే 2025.

సంతోషకుమారికి,

మీ ఏసుబాబు నిన్న పదకొండింటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి నీ దగ్గర నేర్చుకున్న మాటలు గడగడా అప్పజెప్పాడు. తర్వాత ఎండకి వచ్చావు కూర్చోమంటే కూర్చున్నాడు. కోడికూర, పప్పుచారు పెట్టాను. కూర రెండోసారి వేయించుకున్నాడు. ఫెబాతో పెరట్లో పావుగంట మాట్లాడి వచ్చి, "పిల్ల రానంటుందండి, నేనేం చెయ్యను," అని మూడింటి బస్సుకి వెళ్ళిపోయాడు. నీకు ఏం చెప్పాడో నాకు తెలియదు. ఇక్కడ జరిగింది మాత్రం ఇది.

నన్ను దొంగ ఉత్తరాలు రాసుకునేదాన్నన్నావు. నా జీవితంలో నేను దాచుకున్నది ఒక్కటే, నా మాటకి విలువ. మా బడిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే, సువార్తమ్మ టీచరు ఏం చూశానంటే అదే జరిగిందనేవాళ్ళు. నువ్వు ఆ రోజు పెట్టె ముందు నన్ను అబద్ధికురాలిని చేశాక, మా సంఘంలో కూడా నా వెనక గుసగుసలు మొదలయ్యాయి. తమ్ముడి శవం కోసం టీచరుగారు కథ అల్లిందట అని. స్త్రీల సమాజం కార్యదర్శి పదవి నేనే వదిలేశాను. అడిగిన వాళ్ళకి మోకాళ్ళ నొప్పులన్నాను.

నీ ఉత్తరం, కవరు, రెండూ జెరాక్సు తీయించి ఇందులో పెట్టాను. నీ కళ్ళతో చూసుకో. అసలుది నా దగ్గరే ఉంటుంది.

ఫెబా గురించి నాలుగు మాటలు. పొద్దున్నే లేచి వాకిలి ఊడుస్తుంది, అడిగితే తప్ప మాట్లాడదు. సాయంత్రం మా అమ్మ సమాధి దగ్గరికి వెళ్ళి కూర్చుంటుంది. అమ్మ పక్కన తమ్ముడి కోసమని ఉంచిన జాగా ఇంకా ఖాళీగానే ఉంది. ఆ జాగా వైపు చూస్తూ ఏడుస్తుంది. నువ్వు ఇంట్లో ఆ పిల్లని ఏం మాటలని గుండె పగలగొట్టావో తెలియదు. తండ్రి లేని పిల్లని అంత బిగపట్టి పెంచితే ఇలాగే ఉంటుంది. ఆ ఉత్తరం నేనే రాశానని ఒక్క ముక్క ఒప్పుకుంటూ రాయి. ఆ తర్వాత పిల్ల సంగతి మాట్లాడదాం.

ఇట్లు,
పి. సువార్తమ్మ


పెదకాకాని,
30 మే 2025.

వదినా,

జెరాక్సు చూశాను. ఆ చేతిరాత నాది కాదు, నీదీ కాదు. ఫెబాది. నా మాదిరిగా రాయాలని అక్షరాలు కొంచెం పెద్దవి చేసింది, అంతే. నా కూతురి రాత నేను చీకట్లో కూడా గుర్తుపడతాను. కవరు మీద చీరాల ముద్ర ఉంది. నేను పెదకాకానిలో ఉండి చీరాల వెళ్ళి ఉత్తరం వేశానా? చదువుకున్నదానివి, ముద్ర చూడలేదా?

నువ్వు రాసుకున్నావన్నాను, అది పొరపాటే. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుంటున్నాను. అంతకుమించి ఏమీ తీసుకోను.

నా పిల్ల నా పేరు పెట్టుకుని నీకు క్షమాపణ రాసిందంటే, దాని బుర్రలో ఆ విషం పోసింది ఎవరు? ఈ ఆరేళ్ళలో నా వెనక నీ వైపు చుట్టాలు దానికి ఏం చెప్పారో? మీ అమ్మ మీ నాన్న ఆఖరి కోరిక తీర్చలేదని చెప్పి చెప్పి, పిల్ల మనసులో అది నాటుకుపోయింది. అందుకే ఖాళీ జాగా చూసి ఏడుస్తోంది. నా ఇంట్లో మాటలకి కాదు. నేను దాన్ని తిడతాను, కాదనను. తిట్టిన పావుగంటకి అన్నం కలిపి పెడతాను. అది నీకు తెలియదు, నువ్వు పిల్లల్ని బెత్తంతో పెంచావు.

ఇక అసలు సంగతి. ఆయన నీతో ఆ మాట అనలేదు. ఆసుపత్రిలో పదకొండు రోజులు ఆయన మంచం పక్కన నేనున్నాను. పొద్దున నాలుగు గంటలు పనికెళ్ళేదాన్ని, ఆ నాలుగు గంటలూ ఫెబా కూర్చునేది. నేనూ ఫెబా తప్ప ఆయన దగ్గర ఎవరూ లేరు. చెప్పాలనుకుంటే భార్యకి చెప్పడా? నేను లేనప్పుడు కూతురికైనా చెప్పడా? ఫోనులో నీకొక్కదానికే చెప్పాడా? సాక్ష్యం కావాలన్నాను, ఇప్పటికీ కావాలంటున్నాను. ఆ సాక్ష్యం నీ ఇంట్లోనే ఉంది. ఫెబాని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి అడుగు. నాన్న అలాంటి మాట ఎప్పుడైనా అన్నాడా అని. ఆ పిల్ల అన్నాడంటే నేను నీ కాళ్ళ మీద పడతాను. అనలేదంటే, నువ్వు అబద్ధికురాలివని నీ చేత్తో రాసి పంపు, పిల్లతో పాటు.

నీకు కాగితం మీద మాటలే కదా కావాలి. ఇదిగో రాశాను.

ఇట్లు,
సంతోషకుమారి


పొదిలి,
2 జూన్ 2025.

సంతోషకుమారీ,

నీ ఉత్తరం శనివారం అందింది. రెండు రోజులాగి రాస్తున్నాను.

నువ్వు అడగమన్నట్టే ఫెబాని అడిగాను. వాళ్ళ నాన్న తనతో ఏమీ అనలేదని చెప్పింది. నాతోనూ అనలేదు. ఆ ఫోనులో తమ్ముడు మాట్లాడింది ఆసుపత్రి అన్నం గురించి, మా మోటారు పంపు గురించి, అంతే. అమ్మ పక్కన జాగా ఖాళీగా ఉండిపోతుందన్న బాధతో ఆ మాట నేనే కల్పించాను. ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాను. నువ్వు నన్ను అబద్ధికురాలివన్నావు. అది నిజం.

చీరాల ముద్ర గురించి అడిగావు. చూశాను. ఉత్తరం అందిన రోజే చూశాను. ఇది నువ్వు రాసి ఉండవని అప్పుడే తెలుసు. తెలిసీ కవరు తిప్పి బల్ల మీద పెట్టేశాను. ఆరేళ్ళుగా నేను ఎదురుచూసిన ఉత్తరం అది. ఎవరు రాశారన్నది చూడదలుచుకోలేదు. ఇది మాత్రం నా తప్పే.

ఫెబాని గురువారం గుంటూరు బస్సు ఎక్కిస్తాను. ఇంటికి వస్తానని ఒప్పుకుంది. నీ పేరు పెట్టి ఉత్తరం రాసినందుకు దాన్ని తిట్టకు, కొట్టకు, ఎందుకు రాశావని అడగకు. చిన్నపిల్ల, క్యాంపులో అందరూ రాస్తుంటే రాసింది. దారిలో తినడానికి చక్రాలు పొట్లం కట్టాను.

నీకు కావలసింది దొరికింది. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

సువార్తమ్మ


పెదకాకాని,
7 జూన్ 2025.

వదినా,

రాయవద్దన్నావు, రాస్తున్నాను. నీ మాట విన్నది ఎప్పుడు గనక?

ఆరేళ్ళు! ఆరేళ్ళు మీ వైపు వాళ్ళు నన్ను రాతిగుండెదన్నారు. మొగుడి ఆఖరి కోరిక తీర్చని ఆడది అన్నారు. పెళ్ళిళ్ళకి పిలవలేదు. మీ పెదనాన్న కొడుకు నన్ను బస్టాండులో చూసి మొహం తిప్పుకున్నాడు. నేను ఆయన సమాధి దగ్గర కూర్చున్న ప్రతిసారీ, ఒకవేళ నిజంగా అన్నాడేమో, నాకు చెప్పకుండా పోయాడేమో అని లోపల ఒక పురుగు తొలిచేది. ఆ పురుగు నువ్వు వదిలింది. ఇప్పుడు తీరిగ్గా రెండు వాక్యాల్లో కల్పించానంటావు, చక్రాల పొట్లంతో సహా పంపుతావు. నలభై ఏళ్ళు పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పిన నోరది. నీకు సిగ్గు లేదని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడు అనుకుంటున్నాను.

నువ్వు నాతో ఒప్పుకుంటే చాలదు. ఆ రోజు నన్ను తప్పుపట్టింది అందరి ముందు. అందుకని వచ్చే ఆదివారం, పదిహేనో తారీఖున, ఆరాధన అయ్యాక మా స్త్రీల సమాజంలో నీ ఉత్తరం బయటికి చదివిస్తాను. మీ వైపు వాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా ఆ రోజు వస్తామన్నారు. నువ్వూ వస్తే మంచిదే, నీ ఇష్టం.

ఫెబా వచ్చింది. బస్సు దిగి నన్ను చూసి నవ్వలేదు. నేను కూడా ఏమీ అడగలేదు. అన్నం రెండు ముద్దలు తిని, ఎదురుగా గోడ చూస్తూ కూర్చుంటోంది. జ్వరమేమో అని చెయ్యి పెట్టి చూశాను, లేదు. క్యాంపులో నేర్చుకున్న పాటలు పాడమంటే గొంతు బాగాలేదంది. నీ అబద్ధం ఆ పిల్లకి కూడా తెలిసి ఇలా అయిపోయిందనుకుంటున్నాను. తండ్రి పేరు మీద అత్త ఇంత పని చేసిందని తెలిస్తే ఎవరికి మాత్రం గొంతు పెగులుతుంది?

ఇట్లు,
సంతోషకుమారి


పొదిలి,
10 జూన్ 2025.

సంతోషకుమారికి,

చదివించుకో. నీకు ఆ హక్కు ఉంది. నేను రాను.

ఒక్కటే అడుగుతున్నాను. చదివేటప్పుడు ఫెబా అక్కడ ఉండకూడదు. సండే స్కూలు పిల్లలతో బయటికి పంపు, లేదా ఆ రోజు మీ అమ్మ దగ్గర దింపిరా. ఉత్తరం ఆ పిల్ల కంట పడనివ్వకు. నీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఈ ఒక్క మాట విను. నీ జన్మలో ఒక్కసారి ఎదురు ప్రశ్న వేయకుండా విను.

సువార్తమ్మ


పెదకాకాని,
16 జూన్ 2025, సోమవారం.

వదినా,

నువ్వు టీచరువే గానీ తెలివైనదానివి కాదు. ఏదైనా దాచాలంటే దాని గురించి మాట్లాడకూడదు. ఫెబా అక్కడ ఉండకూడదు, ఫెబా కంట పడకూడదు అని రాశావు. అది చదివిన నిమిషంలో నాకు ఎక్కడో తేడా కొట్టింది. శుక్రవారం పనికి వెళ్ళకుండా, నీ రెండు ఉత్తరాలూ దాని ముందు పెట్టి చదవమన్నాను.

మొదటిది సగం చదివేసరికి దాని పెదవులు తెల్లబడిపోయాయి. "అత్త అబద్ధం రాసింది అమ్మా. నాన్న నాకూ చెప్పాడు. నేనే ఎవరికీ చెప్పలేదు," అంది. ఆసుపత్రిలో నేను పనికెళ్ళిన ఒక పొద్దున, అమ్మ వస్తే చెప్పు, నన్ను నాయనమ్మ పక్కన పెట్టమని చెప్పు, అన్నాడట. ఎందుకు చెప్పలేదే అని అడిగాను. అంత దూరంలో పెడితే నేను నడిచి వెళ్ళలేను కదా అని చెప్పలేదంది. పదేళ్ళ పిల్ల. బడి వదలగానే సమాధుల తోటకి పరిగెత్తి, నాన్నతో కూర్చుని, చీకటి పడేలోగా ఇంటికొచ్చేది. అది నాకు తెలుసు. ఎంత ప్రేమో అని మురిసిపోయాను.

తర్వాత నువ్వూ నేనూ ఒకరినొకరం తిట్టుకోవడం చూసి ఇక నోరు విప్పలేకపోయింది. ఏడాదికేడాది ఆ మాట బరువెక్కింది. క్యాంపులో రెండో రోజు తగాదా ఉన్నవాళ్ళకి రాయండి అంటే, తన పేరుతో రాసే ధైర్యం లేక నా పేరుతో రాసింది. నీ దగ్గరికి వచ్చాక నువ్వడిగితే చెప్పింది. నువ్వు దాని నోరు మూయించి, మీ అమ్మకి తెలియనక్కరలేదు, నేను చూసుకుంటానన్నావట. చూసుకున్నావు. నీ మాట విలువంతా కాలవలో పారేసి నా కూతురిని బస్సెక్కించావు.

నాకు నీ మీద ఉన్న కోపం ఇప్పుడు ఇదివరకటికంటే ఎక్కువగా ఉంది. నా పిల్ల చేసిన తప్పుని నా వెనక నువ్వెవరు క్షమించడానికి? దాన్ని నేను కొడతాననుకున్నావా, ఇంట్లోంచి వెళ్ళగొడతాననుకున్నావా? ఆ వెర్రి కోపంలో నేను నీకు ఏమేం రాశానో గుర్తొస్తే అన్నం దిగడం లేదు. సిగ్గు లేదన్నాను. నా చేత అంత మాట అనిపించుకుని నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావు. అలా కూర్చోవడం నాకు చేతకాదని నీకు తెలుసు, అందుకే నాకు ఇంకా మండుతోంది.

ఇంకొకటి కూడా రాస్తాను. ఆయన నీకు చెప్పాడు, పిల్లకి చెప్పాడు, నాకు చెప్పలేదు. శుక్రవారం నుంచి అదే ఆలోచిస్తున్నాను. నాతో చెబితే నేను ఒప్పుకోనని ఆయనకి తెలుసు. ఒప్పుకునేదాన్ని కాదు. బతిమాలినా కాదనేదాన్ని. ఆయన్ని నాకు దూరంగా ఎవరి పక్కనా పెట్టనిచ్చేదాన్ని కాదు. ఆ సంగతి నీకు ఆ రోజే తెలుసేమో. నేను తెలుసుకోవడానికి ఇంత కాలం పట్టింది. ఇప్పుడు కూడా ఆయన్ని కదిలించను. దానికి నువ్వు నన్ను ఏమైనా అనుకో.

ఫెబాని కొట్టలేదు. మొదట పెరట్లోకి వెళ్ళి అంట్లన్నీ తోమేశాను. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు దాచకపోయినా నేను చేసేదాన్ని కాదు అని చెప్పాను. అది నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ మధ్యాహ్నం రెండు కంచాలు అన్నం తిన్నది.

నిన్న ఆదివారం. సమాజం కూర్చుంది, మీ వైపు వాళ్ళు ముగ్గురు వచ్చారు. నీ ఉత్తరం తేలేదు. లేచి నిలబడి, "మా ఆయన వాళ్ళమ్మ పక్కన పెట్టమని నాతో చెప్పాడు. నేనే దాచాను. మా వదిన నిజం చెబితే అందరి ముందూ ఆవిడని అబద్ధికురాలన్నాను," అని చెప్పాను. వెనక బెంచీలోంచి ఫెబా లేచింది. నేను దాని వైపు చూసి కూర్చోమన్నాను. అది నిలబడే ఉంది. మళ్ళీ అన్నాను, అప్పుడు కూర్చుంది. తన మాట తను చెప్పుకునే రోజు ఒకటి వస్తుంది, అది దాని ఇష్టం. పదహారేళ్ళకి అంతమంది ముందు చెప్పనక్కరలేదు.

ఈపాటికి ఈ సంగతి మీ ఊరు చేరే ఉంటుంది. నువ్వు ఇప్పుడేం చేస్తావో నాకు తెలుసు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితం తీసి, కాదు కాదు అబద్ధమాడింది నేనే అని మా పాస్టరుగారికి రాయడానికి కూర్చుంటావు. రాయకు. నీకూ నాకూ రాజీ అయిందని కూడా అనుకోకు. నువ్వు మేనత్తవి, తల్లిని నేను. ఈ అబద్ధం నాది, నా పిల్లది. అందులో నీకు వాటా లేదు.

ఇట్లు,
సంతోషకుమారి